పొడవైన కంటిని కొలిచేదెట్లు?

హ్రస్వదృష్టి అనగానే జ్ఞాపకము వచ్చేది కళ్ళజోడు. దగ్గరనున్న పుస్తకము స్పష్టముగా కనబడుతుంది. దూరాననున్న నల్లబల్ల మసకగా కనబడుతుంది. పుటాకార కటకము పెట్టుకొంటే ఆ లోపము తీరుతుంది. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థికి ఇంతవరకు తెలుసు. కాని కళ్ళజోడు సవరించేది కాంతికిరణాల దారిని మాత్రమే. కన్ను ఎట్లున్నదో అట్లే ఉంటుంది. తీవ్రమైన హ్రస్వదృష్టి కలవారిలో ఆ కన్ను మామూలు కంటికంటె పొడవుగా పెరిగి ఉంటుంది. ఆ పొడవును మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్కన కొలవవలసిన అవసరము వారికి ఒకనాడు రావచ్చును. అట్టి కొలతకు వాడే సాధనాలేవి, వాటిలో ఏది ఎక్కడ నమ్మదగినది అన్నదే ఈ వ్యాస విషయము.

కంటి పొడవు, కళ్ళజోడు నంబరు

పుట్టినప్పుడు శిశువు కన్ను ముందునుంచి వెనుకకు 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు 23.5 నుంచి 24 మిల్లీమీటర్లకు చేరి ఆగుతుంది. కంటి ముందున్న పారదర్శకమైన పొర, అనగా కార్నియా, సుమారు 43 డయాప్టర్ల బలము గల కటకము వలె పనిచేస్తుంది. దాని వెనుకనున్న సహజ కటకము దాదాపు 20 డయాప్టర్ల బలమును చేర్చుతుంది. ఈ రెండింటి బలము, కంటి పొడవు ఒకదానికొకటి అమరినప్పుడు దూరపు వస్తువుల ప్రతిబింబము సరిగా రెటీనా మీద పడుతుంది.

కన్ను పొడవైతే రెటీనా వెనుకకు జరుగుతుంది. ప్రతిబింబము దాని ముందే ఏర్పడుతుంది. మామూలు కంటిలో ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే కళ్ళజోడు నంబరు సుమారు 2.5 నుంచి 3 డయాప్టర్ల వరకు మారుతుంది. నంబరు మైనస్ 6 డయాప్టర్లకు చేరినా, దాటినా తీవ్ర హ్రస్వదృష్టి అంటారు. పొడవు లెక్కలో చెప్పేటప్పుడు 26 మిల్లీమీటర్లను హద్దుగా తీసుకోవడము వాడుకలో ఉన్నది. 30 మిల్లీమీటర్లు మించిన కండ్లుకూడ నేత్రవైద్యులకు కొత్త కాదు.

కొలత ఎందుకు?

వయస్సు మళ్ళిన తరువాత సహజ కటకము మసకబారుతుంది. దీనినే శుక్లము అంటాము. తీవ్ర హ్రస్వదృష్టి కలవారికి ఇది తరచు ఇతరులకంటె ముందుగానే వస్తుంది. శస్త్రచికిత్సలో మసకబారిన కటకమును తీసివేసి, దాని స్థానములో కృత్రిమ కటకమును అమర్చుతారు. ఆ కటకపు బలము ఎంత ఉండాలన్నది ఆపరేషనుకు ముందే నిర్ణయించాలి.

కంటిలో కృత్రిమ కటకమును మొదట అమర్చినది లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు, 1949లో. రెండవ ప్రపంచయుద్ధములో విమానాల కప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు వైమానికుల కండ్లలో గుచ్చుకున్నప్పటికి కన్ను వాటిని సహించుట ఆయన గమనించినాడు. అదే జాతి ప్లాస్టిక్‌తో కటకము చేయించినాడు. ఆపరేషను జయప్రదమయినది, కాని సహజ కటకపు ఆకారమును అనుసరించి చేసిన ఆ ప్లాస్టిక్ కటకము బలము మితిమీరినందున, రోగికి తీవ్రమైన హ్రస్వదృష్టి వచ్చినది. కటకమును కంటిలో పెట్టడము ఒక విద్య, ఆ కంటికి తగిన బలము లెక్కకట్టడము మరొక విద్య అని మొదటి ఆపరేషనుతోనే తేలినది. ఆ లెక్కకు తగిన గణితసూత్రమును 1967లో సోవియట్ నేత్రవైద్యుడు ఫ్యోదొరొవ్, ఆయన సహచరుడు ప్రకటించినారు.

ఆ లెక్కను తరగతిగదిలో చేసి చూపవచ్చును. కార్నియా బలము 43 డయాప్టర్లు అనుకొందాము. కంటిలోని ద్రవాల వక్రీభవన గుణకము 1.336. అయితే కార్నియా ఒక్కటే సమాంతర కిరణాలను 1336ను 43తో భాగించగా వచ్చే దూరములో, అనగా 31.07 మిల్లీమీటర్ల వద్ద, కేంద్రీకరిస్తుంది. కృత్రిమ కటకము కార్నియాకు 5 మిల్లీమీటర్లు వెనుక కూర్చుంటుందనుకొంటే, అక్కడికి చేరిన కిరణాలు ఇంకా 26.07 మిల్లీమీటర్ల దూరములో కలుసుకోవలసి ఉంటుంది. 23.5 మిల్లీమీటర్ల కంటిలో అవి 18.5 మిల్లీమీటర్లలోనే కలవాలి. 1336ను 18.5తో భాగిస్తే 72.2, 26.07తో భాగిస్తే 51.2. ఈ రెంటి భేదము 21. అదే ఆ కంటికి కావలసిన కటకపు బలము. ఇదే విధముగా ఇతర పొడవులకు లెక్కకట్టితే ఇట్లు వస్తుంది:

23.5 మి.మీ. కంటికి: 21.0 డయాప్టర్లు
24.5 మి.మీ. కంటికి: 17.3 డయాప్టర్లు
27 మి.మీ. కంటికి: 9.5 డయాప్టర్లు
31 మి.మీ. కంటికి: 0.1 డయాప్టరు
32 మి.మీ. కంటికి: మైనస్ 1.8 డయాప్టర్లు
33 మి.మీ. కంటికి: మైనస్ 3.5 డయాప్టర్లు

31 మిల్లీమీటర్ల కంటికి కటకపు బలము దాదాపు సున్న అని గమనించాలి. అటువంటి కంటిలో కార్నియా ఒక్కటే పని అంతా నెరవేర్చుతుంది. ఇంకా పొడవైన కంటికి పుటాకార కటకమును అమర్చవలసి వస్తుంది. అటువంటి కటకాలు నిజముగానే తయారవుతున్నవి.

ఈ పట్టికలో మరొక విశేషమున్నది. మామూలు కంటిలో ఒక మిల్లీమీటరు పొరపాటు 3.7 డయాప్టర్ల తేడా తెస్తుంది. 31 మిల్లీమీటర్ల కంటిలో అదే పొరపాటుకు తేడా 1.9 మాత్రమే. పొడవైన కన్ను చిన్న పొరపాట్లను కొంత క్షమిస్తుందన్నమాట. చిక్కేమిటంటే, అటువంటి కంటిలో జరిగే పొరపాట్లే పెద్దవి.

పొరపాటు జరిగితే ఏమవుతుంది?

31 మిల్లీమీటర్ల కంటిని 33 మిల్లీమీటర్లని కొలిచినారనుకొందాము. పట్టిక ప్రకారము మైనస్ 3.5 డయాప్టర్ల కటకమును అమర్చుతారు. ఫలితముగా ప్రతిబింబము రెటీనాకు వెనుక పడుతుంది. రోగికి సుమారు 2.5 డయాప్టర్ల దీర్ఘదృష్టి వస్తుంది.

దీని బాధ ఎంతటిదో అంకెలలో కనబడదు. తీవ్ర హ్రస్వదృష్టి కలవారు జీవితమంతా ఒక వరమును అనుభవించి ఉంటారు. జోడు తీసివేసి, పుస్తకమును ముఖానికి దగ్గరగా తెచ్చుకొంటే సన్నని అక్షరాలుకూడ చదవగలరు, సూదిలో దారమెక్కించగలరు. దీర్ఘదృష్టి వచ్చిన కంటికి దూరము మసకే, దగ్గర మరింత మసక. దళసరి అద్దాల బాధ పోతుందని ఆశించి ఆపరేషను చేయించుకొన్న మనిషికి ఉన్న సౌకర్యముకూడ పోతుంది. అందుచేతనే అటువంటి కండ్లలో వైద్యులు తప్పు చేయవలసివస్తే హ్రస్వదృష్టి వైపే చేయాలని చూస్తారు. కొద్దిపాటి హ్రస్వదృష్టి మిగిలేటట్లు కటకమును ఎంచుకొంటారు.

ధ్వనితో కొలత

కంటిని కోయకుండ దాని పొడవు కొలవడానికి మొదట ఉపయోగపడినవి అతిధ్వనులు. 1956లో అమెరికాలో మండ్ట్, హ్యూగ్స్ అనువారు కంటి పరీక్షకు వీటిని వాడినారు. బావిలోకి కేక వేసి ప్రతిధ్వని వచ్చే కాలమునుబట్టి లోతు ఊహించడము వంటిదే ఈ పద్ధతి. సెకనుకు సుమారు కోటి కంపనాలుగల ధ్వనిని పరికరపు కొనలోనుంచి కంటిలోనికి పంపుతారు. కార్నియా, కటకము, రెటీనా ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రతిధ్వనిని తిప్పి పంపుతుంది. ధ్వనివేగము కటకములో సెకనుకు 1641 మీటర్లు, కంటిలోని ద్రవాలలో 1532 మీటర్లు. 24 మిల్లీమీటర్ల కంటిలో ధ్వని పోయి రావడానికి పట్టే కాలము సెకనులో పదిలక్షలవ వంతులు 31 మాత్రమే. విద్యుత్ పరికరాలకు ఈ కాలమును కొలవడము కష్టము కాదు.

అయితే మూడు లోపాలున్నవి. మొదటిది ఒత్తిడి. పరికరపు కొన కార్నియాకు తగిలి దానిని కొద్దిగా నొక్కుతుంది. ఇందువలన పొడవు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకు తగ్గి కనబడుతుంది. కంటిపై చిన్న గిన్నె వంటి తొడుగు పెట్టి, దానిలో ద్రవము నింపి, ఆ ద్రవముద్వారా ధ్వనిని పంపితే ఈ దోషము పోతుంది.

రెండవది దిశ. తీవ్ర హ్రస్వదృష్టిలో కంటి వెనుకగోడ పలుచబడి, ఒక చోట గుంటవలె వెనుకకు ఉబ్బవచ్చును. దీనిని స్టాఫిలోమా అంటారు. ఇటలీ దేశపు వైద్యుడు స్కార్పా దీనిని 1801లోనే వర్ణించినాడు. మనము సూటిగా చూచే వస్తువు ప్రతిబింబము రెటీనాలోని పసుపుచుక్క మధ్యనున్న చిన్న పల్లము, అనగా ఫోవియా, మీద పడుతుంది. ఈ ఫోవియా స్టాఫిలోమా అడుగునే ఉంటుందన్న నియమము లేదు. గుంట వాలులో ఎక్కడనో ఉండవచ్చును. చూపుకు కావలసినది ఫోవియా వరకు గల దూరము. ధ్వని మాత్రము వాలు మీదినుంచి చెదరిపోయి, అడుగుభాగమునుంచి బలమైన ప్రతిధ్వనిగా తిరిగి రావచ్చును. చెరువు లోతు అడిగితే గట్టుదగ్గర కొలవవలసినవాడు నడిమి మడుగులో కొలిచి చెప్పినట్లవుతుంది. పొడవు ఎక్కువగా వస్తుంది. ముందు చెప్పిన దీర్ఘదృష్టి ప్రమాదము ఏర్పడేది ఇక్కడనే.

మూడవది ద్రవము మారినప్పటి చిక్కు. పొడవైన కండ్లలో రెటీనా ఊడిపోవడము సాధారణమైన కంటికంటె ఎక్కువ. దానిని తిరిగి అతికించేటప్పుడు కంటిలోపల సిలికోన్ నూనెను నింపవలసి రావచ్చును. ఆ నూనెలో ధ్వనివేగము సెకనుకు సుమారు 980 మీటర్లే. ఈ సంగతి యంత్రానికి చెప్పకపోతే, 24 మిల్లీమీటర్ల నూనెభాగమును అది 37.5 మిల్లీమీటర్లుగా చూపుతుంది.

కాంతితో కొలత

ధ్వనికి బదులు కాంతిని పంపవచ్చును కదా అన్న ప్రశ్న సహజముగానే వస్తుంది. చిక్కు కాంతివేగములో ఉన్నది. 24 మిల్లీమీటర్ల కంటిలో కాంతి పోయి రావడానికి పట్టే కాలము సెకనులో లక్షకోట్లవ వంతులు సుమారు 217 మాత్రమే. పొడవును 0.02 మిల్లీమీటరు వరకు తెలుసుకోవాలంటే లక్షకోట్లవ వంతులో అయిదవ వంతుకంటె తక్కువ కాలమును గుర్తించవలసి ఉంటుంది. ఇంతటి కాలమును గడియారముతో కొలవకుండ, వ్యతికరణముతో కొలుస్తారు.

రెండు కాంతితరంగాలు శిఖరము శిఖరముతో కలిసేటట్లు వస్తే వెలుతురు హెచ్చుతుంది. శిఖరము ద్రోణితో కలిస్తే తగ్గుతుంది. 1881లో మైకెల్సన్ నిర్మించిన వ్యతికరణమాపకము ఈ సూత్రము మీదనే పనిచేస్తుంది. ఒక కిరణమును రెండుగా చీల్చి, రెండు దారులలో పంపి, తిరిగి కలిపితే వెలుగు నీడల పట్టీలు కనబడతవి. ఇక్కడ వాడే కాంతి ఒక ప్రత్యేకమైనది. దాని తరంగాలు పొట్టి గుంపులుగా వస్తవి. ఒకేసారి బయలుదేరి, ఒకే వేగముతో, వేర్వేరు దారులలో నడిచిన ఇద్దరు గుడివాకిట సరిగా ఒకే క్షణమున కలిసినారంటే రెండు దారుల పొడవు ఒకటే అని తెలుస్తుంది. అట్లే ఈ కాంతిలో రెండు దారులు సమానమైనప్పుడే పట్టీలు కనబడతవి. ఒక దారిలోని అద్దమును జరుపుతూ పోతే, పట్టీలు కనబడిన చోటునుబట్టి రెండవ దారి పొడవు తెలుస్తుంది.

ఈ పద్ధతిని కంటికి అన్వయించినది వియన్నాకు చెందిన అడాల్ఫ్ ఫెర్చర్, ఆయన సహచరులు, 1980ల తరువాతి సగములో. వారి ఏర్పాటులో ఒక చతురత ఉన్నది. పరీక్ష జరిగే సమయములో రోగి తల కొద్దిగా ముందుకు వెనుకకు కదులుతూనే ఉంటుంది. కొలవదలచిన సూక్ష్మత ముందు ఆ కదలిక చాల పెద్దది. అందుచేత కాంతిని కంటిలోనికి పోకముందే రెండుగా చీల్చి, రెండింటినీ కంటిలోనికే పంపినారు. కార్నియానుంచి తిరిగివచ్చిన కాంతిని రెటీనానుంచి తిరిగివచ్చిన కాంతితోనే పోల్చినారు. తల కదిలితే రెండూ ఒకే తీరుగా మారుతవి. వాటి మధ్య దూరము మారదు.

ఈ సూత్రముతో జైస్ సంస్థ 1999లో ఐ.ఓ.ఎల్. మాస్టర్ అనే యంత్రమును విడుదల చేసినది. దానిలో వాడినది 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ కాంతి. కంటికి ఏదీ తగలదు, మత్తుచుక్కలు అక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యమైన లాభము మరొకటి. రోగి ఒక చిన్న వెలుగుచుక్కను చూస్తూ ఉండగా కొలత జరుగుతుంది. దేనిని సూటిగా చూస్తే దాని ప్రతిబింబము ఫోవియా మీద పడుతుంది కనుక, కాంతి తనంతట తానే ఫోవియాకు చేరుతుంది. స్టాఫిలోమా అడుగును కొలిచే ప్రమాదము దీనితో చాలవరకు తప్పినది. తాకి కొలిచే ధ్వని పద్ధతిలో మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులు 0.1 మిల్లీమీటరు వరకు ఉండగా, కాంతి పద్ధతిలో అవి దానిలో అయిదవ వంతుకు తగ్గినవి.

మూడు తరాల కాంతి యంత్రాలు

మొదటి తరము యంత్రములో వ్యతికరణముతో తెలిసేది కంటి మొత్తము పొడవు ఒక్కటే. తరువాత పది సంవత్సరాలలో హాగ్-స్ట్రైట్ సంస్థ లెన్‌స్టార్ అనే యంత్రమును తెచ్చినది. 820 నానోమీటర్ల కాంతితో అది కార్నియా మందము, ముందు గది లోతు, కటకపు మందము, మొత్తము పొడవు అన్నిటినీ ఒకే వరుసలో కొలుస్తుంది. కృత్రిమ కటకము కంటిలో ఎక్కడ కూర్చుంటుందో ఊహించడానికి ఈ అదనపు కొలతలు తోడ్పడతవి.

ఈ రెంటికీ ఒక సామాన్యమైన ఇబ్బంది ఉన్నది. శుక్లము బాగా ముదిరితే కాంతి లోనికి పోదు; పోయినా తిరిగి రాదు. తీవ్ర హ్రస్వదృష్టి కలవారిలో కటకపు నడిమి భాగము గట్టిపడి గోధుమవన్నెకు తిరిగే శుక్లము, కటకపు వెనుకతలమున ఏర్పడే శుక్లము తరచుగా కనబడతవి. కాంతి నడిచే దారికి ఇవి సరిగా అడ్డము వస్తవి.

మూడవ తరము యంత్రాలు 2014 ప్రాంతమునుంచి వాడుకలోనికి వచ్చినవి. ఐ.ఓ.ఎల్. మాస్టర్ 700, ఓ.ఏ.-2000, ఆర్గోస్ ఈ జాతికి చెందినవి. వీటిలో అద్దమును జరపరు. కాంతి తరంగదైర్ఘ్యమునే అతివేగముగా మార్చుతూ పోతారు. తరంగదైర్ఘ్యము మారేకొద్దీ, తిరిగివచ్చిన కాంతి హెచ్చి తగ్గుతూ ఉంటుంది. దగ్గరి తలమునుంచి వచ్చిన కాంతి నెమ్మదిగా, లోతైన తలమునుంచి వచ్చినది త్వరత్వరగా హెచ్చి తగ్గుతుంది. కచేరిలో వీణ, మృదంగము కలిసి మ్రోగుతున్నా చెవి వాటిని వేరుగా గుర్తించినట్లు, గణితముద్వారా ఒక్కొక్క లోతును వేరు చేస్తారు. ఐ.ఓ.ఎల్. మాస్టర్ 700 ఒక్క సెకనులో ఇట్లు 2,000 సార్లు కొలుస్తుంది.

ఈ యంత్రాల కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 1,050 నానోమీటర్లు. పొడవైన తరంగాలు మసకబారిన కటకములో తక్కువగా చెదరిపోతవి. అందుచేత పాత యంత్రాలు కొలవలేకపోయిన అనేక కండ్లను ఇవి కొలవగలవు. అంతేకాక వీటిలో కొన్ని కంటి నిలువుకోత చిత్రమునుకూడ చూపగలవు. ఐ.ఓ.ఎల్. మాస్టర్ 700 చూపే చిత్రములో ఫోవియా పల్లము కనబడితే రోగి వెలుగుచుక్కను సరిగానే చూస్తున్నాడని తెలుస్తుంది. కనబడకపోతే ఆ అంకెను అనుమానించాలి. ఈ సౌకర్యము మామూలు కంటిలో అదనము వంటిది. తీవ్ర హ్రస్వదృష్టిలో అది అవసరము. ఏలయనగా అటువంటివారిలో పసుపుచుక్క క్షీణించి, చూపు నిలుపలేనివారు ఉంటారు. చూపు నిలువనిచో, కాంతి తనంతట తానే ఫోవియాకు చేరుతుందన్న మాట నిలువదు.

వక్రీభవన గుణకముతో వచ్చే తేడా

కాంతి యంత్రము కొలిచేది నిజమైన దూరము కాదు. దూరమును వక్రీభవన గుణకముతో హెచ్చించగా వచ్చే కాంతి మార్గము. దానిని మిల్లీమీటర్లలోనికి మార్చాలంటే గుణకము తెలియాలి. మొదటి తరము యంత్రములో కన్ను మొత్తానికి 1.3549 అనే ఒకే సగటు గుణకమును తీసుకొని, ఆపైన ద్రవములో నుంచి కొలిచిన అతిధ్వని కొలతలతో సరిపోయేటట్లు ఒక సరళరేఖా సూత్రమును జోడించినారు. జర్మనీలో హైగిస్, ఆయన సహచరులు ఈ సరిపోల్చే పని చేసినారు. పాత కొలతలకు అలవాటుపడిన వైద్యులకు ఇది సదుపాయమైనది.

అయితే ఆ సూత్రము బాగుగా అమరినది మధ్యరకపు కండ్లకే. పొడవైన కంటిలో కటకపు మందము అంతగా పెరగదు. పెరిగేది వెనుకనున్న ద్రవభాగమే. ఆర్గోస్ యంత్రము కార్నియాకు, ద్రవాలకు, కటకానికి వేర్వేరు గుణకాలను వాడి, భాగములవారీగా కొలిచి కూడుతుంది. ఈ రెండు పద్ధతులను పోల్చి చూచినప్పుడు, భాగములవారీ కొలత పొడవైన కండ్లలో కొంచెము తక్కువగాను, పొట్టి కండ్లలో కొంచెము ఎక్కువగాను వస్తున్నట్లు తేలినది. అమెరికాలో వాంగ్, కోక్ అను పరిశోధకులు 2011లోనే మరొక సంగతి గుర్తించినారు. 25 మిల్లీమీటర్లు మించిన కండ్లలో అప్పటి సూత్రాలను యథాతథముగా వాడితే ఫలితము దీర్ఘదృష్టివైపు మొగ్గుతున్నది. కనుక పొడవును సవరించి లెక్కకట్టాలని వారు సూచించినారు. అనగా యంత్రపు కొలతను, ఏ సూత్రములో దానిని వాడుతున్నామన్నదాన్ని విడదీసి చూడరాదు. బారెట్ రూపొందించినది మొదలైన కొత్త సూత్రాలు పొడవైన కండ్లలో మెరుగైన ఫలితాలనిస్తున్నవి.

సిలికోన్ నూనె విషయములో కాంతికి ధ్వనికంటె నష్టము తక్కువ. నూనె వక్రీభవన గుణకము సుమారు 1.40. యంత్రానికి చెప్పకపోతే 24 మిల్లీమీటర్ల భాగము 25.2 మిల్లీమీటర్లుగా కనబడుతుంది. ధ్వని పద్ధతిలో వచ్చిన 37.5తో దీనిని పోల్చి చూడవచ్చును. ఈ కొద్ది తేడానుకూడ సవరించే ఏర్పాటు యంత్రాలలో ఉంటుంది. ఆ మీటను నొక్కడము మాత్రము మనిషి పనే.

కార్నియా వంపు విషయములోను ఒక హెచ్చరిక ఉన్నది. కంటి పొడవుతోపాటు కార్నియా ముందుతలపు వ్యాసార్ధమును కొలిచి, 337.5ను ఆ మిల్లీమీటర్లతో భాగించి బలము కనుగొంటారు. వ్యాసార్ధము 7.8 మిల్లీమీటర్లయితే బలము 43.3 డయాప్టర్లు. కార్నియా వెనుకతలము ముందుతలముతో ఒక సహజమైన నిష్పత్తిలో ఉంటుందని ఈ లెక్కలో ఊహ ఉన్నది. కళ్ళజోడు అక్కరలేకుండ చేసుకొనడానికి లేజరుతో కార్నియాను చదును చేయించుకొన్నవారిలో ఆ నిష్పత్తి చెడుతుంది. బలము ఉన్నదానికంటె ఎక్కువగా తేలి, మళ్ళీ దీర్ఘదృష్టికే దారితీస్తుంది. కనుక పాత లేజరు చికిత్స సంగతి వైద్యునికి చెప్పడము, దాని కాగితాలను భద్రపరచుకోవడము రోగికి ఎంతో మేలు.

రెండు యంత్రాలను పోల్చేదెట్లు?

ఒకే కంటిని రెండు యంత్రాలు కొలిచినప్పుడు అవి ఒకదానికొకటి సరిపోతున్నవని ఎట్లు చెప్పగలము? సహసంబంధ గుణకమును లెక్కకట్టితే చాలునని తోస్తుంది. అది చాలదు. ఒక తూనిక ఎప్పుడూ అసలుకంటె 50 గ్రాములు ఎక్కువ చూపుతుందనుకొందాము. సరియైన తూనికతో దానికి సహసంబంధము పరిపూర్ణముగా ఉంటుంది; కాని కొన్నవాడు ప్రతిసారి నష్టపోతాడు.

ఇంగ్లండుకు చెందిన బ్లాండ్, ఆల్ట్మన్ అను సంఖ్యాశాస్త్రజ్ఞులు 1986లో సులభమైన మార్గమును ప్రచారములోనికి తెచ్చినారు. ప్రతి కంటికి రెండు కొలతల భేదమును, సగటును కనుగొనాలి. సగటును అడ్డగీతమీద, భేదమును నిలువుగీతమీద గుర్తించాలి. భేదాల సగటు ఒక యంత్రము రెండవదానికంటె ఎంత ఎక్కువ చూపుతున్నదో చెబుతుంది. ఆ సగటుకు పైన, క్రింద ప్రామాణిక విచలనానికి 1.96 రెట్ల దూరములో గీతలు గీస్తే, నూటికి సుమారు 95 భేదాలు ఆ హద్దులలో పడతవి. ఆ హద్దుల వెడల్పు చికిత్సకు అభ్యంతరము కానంత చిన్నదా అన్నదే అసలు ప్రశ్న. చుక్కలు పొడవైన కండ్లవైపు పోనుపోను పైకో క్రిందికో వాలుతున్నవంటే, ఆ రెండు యంత్రాలు మామూలు కండ్లలో సరిపోయినా పొడవైన కండ్లలో సరిపోవడము లేదని అర్థము. మామూలు కండ్లలో జరిపిన పోలికను తీవ్ర హ్రస్వదృష్టికి అన్వయించరాదనుటకు ఇదే కారణము.

ఈ విధముగా చూచినప్పుడు కాంతి యంత్రాలలో ఒకటి తక్కినవాటికంటె అన్ని విధాల మేలన్న మాటకు చోటు లేదు. చూపు నిలుపగలిగి, శుక్లము లేతగా ఉన్న కంటిలో అన్నీ దాదాపు సమానమే. శుక్లము ముదిరినప్పుడు మూడవ తరము యంత్రాలు ముందుంటవి. చూపు నిలువని కంటిలో ఫోవియాను చిత్రములో చూపేదే నమ్మదగినది. కాంతి అసలే లోనికి పోని కంటికి మళ్ళీ ధ్వనియే దిక్కు. అప్పుడు కార్నియాను నొక్కకుండ ద్రవములోనుంచి, కంటి వెనుకగోడ చిత్రమునుకూడ చూస్తూ కొలవాలి.

బడిపిల్లలు

కొలతలు శుక్లము వచ్చిన వృద్ధులకే అనుకోరాదు. బ్రయన్ హోల్డెన్, ఆయన సహచరులు 2016లో ప్రకటించిన అంచనా ప్రకారము 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగముమందికి హ్రస్వదృష్టి, పదిమందిలో సుమారు ఒకరికి తీవ్ర హ్రస్వదృష్టి ఉండవచ్చును. కంటిని తాకని కాంతి యంత్రాలవలన పిల్లల కంటి పొడవును ఏటేట కొలిచి, ఎంత త్వరగా పెరుగుతున్నదో తెలుసుకోవడము సాధ్యమయినది. ఇక్కడ ఒకే పిల్లవానిని ప్రతిసారి ఒకే రకపు యంత్రముతో కొలవాలి. ఒక ఏడు ఒకదానితో, మరుసటి ఏడు మరొకదానితో కొలిస్తే యంత్రాల మధ్య భేదము కన్ను పెరిగినట్లుగా భ్రమ కలిగించవచ్చును. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరములో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, బడిలో రోజుకు అదనముగా 40 నిమిషాలు ఆరుబయట గడపిన పిల్లలలో మూడు సంవత్సరాలలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు నూటికి 30 మంది. అట్లు గడపనివారిలో నూటికి సుమారు 40 మంది.

31 మిల్లీమీటర్లు పెరిగిన కన్నుకూడ ఒకప్పుడు 24 మిల్లీమీటర్ల కన్నే. అది ఆ హద్దును దాటిన కాలము సాధారణముగా బడిలో గడచినదే. నల్లబల్ల మీది అక్షరాలకోసము కండ్లు చిట్లించే పిల్లవానిని, పుస్తకమును ముక్కుదాకా తెచ్చుకొనే పిల్లను గుర్తించి కంటివైద్యుని వద్దకు పంపించగలవాడు ఉపాధ్యాయుడు. యంత్రము చేసే కొలత ఆ తరువాతనే మొదలవుతుంది.